అమ్మానాన్నలతో ఉలూరు గ్రూప్ టూర్: టెంటు లేకుండా ఆరుబయట పడక. తీసుకెళ్లచ్చా?

తెనాలోడు
జులైలో అమ్మా నాన్నా మెల్‌బోర్న్ వస్తున్నారు. నాకు వారం సెలవు దొరికింది. ఆస్ట్రేలియా నడిమధ్య ఎడారిలో ఉన్న పెద్ద ఎర్ర రాతికొండ ఉలూరు చూపించాలని రెండేళ్లుగా అనుకుంటున్నా. ఆ ఎడారిలోనే ఉన్న పట్నం ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఎక్కించుకుని కింగ్స్ క్యానియన్ లోయ, కాటా జూటా కొండలు, ఉలూరు తిప్పి తీసుకొచ్చే 3 పగళ్లు 2 రాత్రుల గ్రూప్ టూర్ ఒకటి నచ్చింది. తిండి, బస్సు అన్నీ వాళ్లవే. డబ్బు కట్టబోతూ చూస్తే 'స్వాగ్‌లో పడక' అని ఉంది. ఫోన్ చేస్తే తెలిసింది, టెంటు కూడా ఉండదట. మంట చుట్టూ నేల మీద పడుకోవడమే, పైన ఆకాశం.

నాన్నకి 66, బీపీ మాత్ర వేసుకుంటారు, మనిషి గట్టివాడే. అమ్మకి 61, మోకాళ్ల నొప్పులు. కింద కూర్చుంటే ఏదో ఒకటి పట్టుకోనిదే లేవలేదు. ఇద్దరూ మాంసం ముట్టరు. హోటల్లో దిగి కారు అద్దెకి తీసుకుంటే నలుగురికీ కలిపి దాదాపు రెట్టింపు అవుతోంది. మా ఆవిడేమో "పెద్దవాళ్లని అంత దూరం నుంచి పిలిపించి ఎడారిలో నేల మీద పడుకోబెడతావా" అంటోంది. అలా పడుకుని వచ్చినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

సిడ్నీసుబ్బు
వద్దు. మీ ఆవిడ మాట వినండి.

ఎర్రమట్టి
సుబ్బు గారూ, ఒక్క ముక్కలో తేల్చేస్తే ఎలా? కారణం కూడా చెప్పండి.

నేను ఇలాంటివి రెండు చేశా, ఒకటి జూన్‌లో, ఒకటి సెప్టెంబరులో. ముందు స్వాగ్ అంటే ఏంటో చెప్తా, ఎందుకంటే చాలామంది స్లీపింగ్ బ్యాగ్ అనుకుంటారు. అది కాదు. మందపాటి కాన్వాసు సంచి, లోపల పరుపు ఉంటుంది. దాంట్లోకి స్లీపింగ్ బ్యాగ్ దూర్చి, మనం అందులో దూరాలి. తల మీదికి లాక్కోవడానికి కాన్వాసు రెక్క ఉంటుంది. పొద్దున్నే చుట్టి, పట్టీలు బిగించి ట్రైలర్‌లో వేసేయడమే. వెనకటి రోజుల్లో పని వెతుక్కుంటూ ఊళ్లమ్మట తిరిగే కూలీలు వీపున వేసుకు నడిచిన మూట ఇదే.

నేల గట్టిదనం సమస్య కాదు. చలి సమస్య. ఎడారి అనగానే మనవాళ్లు ఎండే అనుకుంటారు. జులై ఇక్కడ నడిచలికాలం. పగలు 20 డిగ్రీలుండి హాయిగా ఉంటుంది. రాత్రికి ఆలిస్‌లో సగటునే 4కి పడిపోతుంది, సున్నా కిందికి పోయే రాత్రులూ ఉంటాయి. తెల్లారి లేచేసరికి నా స్వాగ్ పైన పేరిన మంచుని గోటితో గీకితే పొడిలా రాలింది. ఉన్ని టోపీ, రెండు జతల మేజోళ్లు, లోపల వేసుకునే థర్మల్ బట్టలు ఉండి తీరాలి. ఇంకోటి: పడుకోబోయే ముందు మంట మీద నీళ్లు కాచి స్టీలు సీసాలో పోసి, మూత బాగా బిగించి, మేజోడు తొడిగి కాళ్ల దగ్గర పెట్టుకోండి. తెల్లవారుజాము దాకా వెచ్చగా ఉంటుంది.

బూట్లు బయట వదలకండి. డింగోలు ఎత్తుకెళ్తాయి.

కడపబిడ్డ
డింగోలంటే అడవి కుక్కలే కదన్నా? మనిషి పక్కన పండుకుంటే ఏం చెయ్యవా?

ఎర్రమట్టి
పెద్దవాళ్ల గుంపు జోలికి సాధారణంగా రావు. తిండి వాసనకి, తోలు వాసనకి వస్తాయి. తిండి బయట పెట్టకూడదు, వాటికి వెయ్యకూడదు. చిన్నపిల్లల్ని మాత్రం ఒంటరిగా వదలకూడదు.

సిడ్నీసుబ్బు
కారణం అడిగారుగా, చెప్తాను. మా అత్తమామల్ని ఇలాగే తీసుకెళ్లాం. కంపెనీ పేరు చెప్పను. స్లీపింగ్ బ్యాగులు అద్దెకిస్తామన్నారు, తీరా చూస్తే దుప్పటంత పలచన. రెండో రాత్రి మా అత్తగారు ఒంటిగంటకి లేచి బస్సులో కూర్చుంది, తెల్లారేదాకా అక్కడే. ఒక్క మాట అనలేదు. అదే నాకు ఇప్పటికీ బాధ. పొద్దున 5 గంటలకి లేపుతారు, సూర్యోదయం చూడాలని. చీకట్లో, చలిలో, నిద్రలేని పెద్దావిడ చేతిలో కాఫీ కప్పుతో వణుకుతూ నిలబడ్డ దృశ్యం నాకు ఉలూరు కన్నా ఎక్కువ గుర్తు.

పైగా ఆ దూరాలు! ఆలిస్ నుంచి ఉలూరుకి 450 కిలోమీటర్లు. అక్కడి నుంచి కింగ్స్ క్యానియన్ ఇంకో 300. మూడు రోజుల్లో సగం బస్సులోనే.

పాలమూరోడు
సుబ్బన్న చెప్పింది నిజమే గానీ అది పలచటి బ్యాగు తప్పు, ఆరుబయట పడుకునుడు తప్పు కాదు. మా నాయిన ముచ్చట చెప్త.

మా నాయిన అప్పటికి 68 ఏండ్లు. పల్లి చేనుకు అడివి పందులు పడ్తయని మంచె మీద యాభై ఏండ్లు కావలి పండుకున్న మనిషి. క్యాంపుల దిగినంక గైడు స్వాగులు పంచిండు. మేమందరం ఎక్కడ జాగ దొరికితే అక్కడ పరుసుకున్నం. మా నాయిన పరవలే. మొదలు నిలబడి మంట పొగ ఎటు పోతుందో చూసిండు. అటెన్క బ్యాటరీ లైటు పట్టుకొని నేలంతా వెతికిండు. ఏమైంది నాయినా అంటే "చీమల బారు" అన్నడు. నేను పరుసుకున్నది సక్కగ చీమల తొవ్వ మీదనే! కాలితోని రాళ్లు జరిపి, తుంటి ఆనే కాడ మన్ను జరంత లోతు చేసి, పొగకు ఎదురు దిక్కు తల పెట్టి పండుకున్నడు. ఐదు నిమిషాలల్ల గుర్రు. ఆ గైడు నన్ను అడిగిండు, మీ నాయిన ఇదివరకు ఈ ఎడారి సీమల, అదే అవుట్‌బ్యాక్‌ల పని చేసిండా అని.

నేనే తెల్లందాక దొర్లిన. మీ నాయిన పల్లెల పెరిగిండంటే ఆయన గురించి రంది వద్దు.

తెనాలోడు
పాలమూరోడు అన్నా, చదువుతుంటే మా తాత కనిపించాడు. నాన్న కూడా చిన్నప్పుడు కళ్లంలో వడ్ల కుప్పల దగ్గర కాపలా పడుకున్నవారే. ఆయన గురించి నాకూ భయం లేదు. అమ్మ గురించే.

ఉత్తరాంధ్రపిల్ల
ఇంతమంది ఇన్ని చెప్పారు, ఒక్కరూ అడగలేదు. మీ అమ్మగారిని అడిగారా?

మేం పోయినేడు అమ్మతో వెళ్లాం. నేల, చలి అని మేం గింజుకుంటుంటే ఆవిడ అడిగినవి వేరే. రాత్రి బాత్రూముకి ఎంత దూరం నడవాలి? తలుపుకి గడియ ఉంటుందా? బట్టలు ఎక్కడ మార్చుకోవాలి? చీరతో ఆ సంచిలో దూరగలనా? ఇరవై మంది తెలియని వాళ్ల మధ్య పడుకోవాలా? ఇవి మగవాళ్లకి తట్టవు. ఏదైనా కంపెనీకి ఫోన్ చేస్తే ముందు ఇవే అడగండి. మాది బాగానే ఉంది, నూరడుగుల దూరంలో వేడినీళ్ల స్నానాల గదులు ఉన్నాయి. కానీ అన్ని క్యాంపులూ అలా ఉండవు.

ఆవిడ చివరికి పంజాబీ డ్రెస్సు వేసుకుని, మంచం ఉన్న శాశ్వత టెంట్ల టూర్ ఒప్పుకుంది. అవి స్వాగ్‌కీ హోటల్‌కీ మధ్య రేటు. లోపల పక్క, జిప్పు తలుపు ఉంటాయి. రాత్రి భోజనం తర్వాత మంట దగ్గర ఎంతసేపైనా కూర్చోవచ్చు.

డ్యూటీనర్స్
నేను ఆలిస్‌లోనే పని చేస్తున్నా, నాలుగేళ్లుగా. సూటిగా చెప్తాను.

పైన అన్న బాత్రూము సంగతి తేలిగ్గా తీసుకోకండి. బీపీకి కొందరికి నీళ్ల మాత్ర ఉంటుంది, దాంతో రాత్రి రెండు మూడు సార్లు లేవాలి. మాత్ర వేళ మార్చచ్చేమో బయల్దేరకముందే డాక్టర్‌ని అడగండి, మీరుగా మార్చకండి. రాత్రి లేస్తే నుదుటికి కట్టుకునే లైటు, కాలు పూర్తిగా మూసే చెప్పులు ఉండాలి.

ఉలూరు పక్కన యులారాలో క్లినిక్ ఉంది. పెద్దాసుపత్రి అంటే ఆలిస్‌కే రావాలి. దారిలో చాలాచోట్ల ఫోన్ పలకదు, కాబట్టి గైడు దగ్గర శాటిలైట్ ఫోన్ ఉందా అని అడగడం మీ హక్కు. అవసరమైతే ఫ్లయింగ్ డాక్టర్ విమానం వస్తుంది, 1928 నుంచి నడుస్తున్న సేవ అది. కానీ విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకి ఇన్సూరెన్సు లేకుండా ఈ ప్రయాణం పెట్టుకోకండి.

మోకాళ్ల విషయం. కింగ్స్ క్యానియన్ పై అంచు నడక 6 కిలోమీటర్లు, మొదట్లోనే 500 మెట్లదాకా నిట్టనిలువుగా ఎక్కాలి. అమ్మగారికి వద్దు. కింద వాగు వెంట 2.6 కిలోమీటర్ల దారి ఉంది, అది చాలు. కాటా జూటాలో గాలుల లోయ వదిలేసి వాల్పా గోర్జ్ చూడండి. ఉలూరు దగ్గర మాలా నడక, ముటిజులు నీటి గుంట దాకా నడక, రెండూ చదునుగా ఉంటాయి.

సిడ్నీసుబ్బు
నర్సు గారు చెప్పిన మెట్ల సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. మా మామగారు సగం ఎక్కి కూలబడ్డారు. గ్రూపు ముందుకెళ్లిపోయింది, నేను ఆయనతో ఉండిపోయా.

కడపబిడ్డ
కొండ పైకి ఎక్కనీరా యిప్పుడు? మా కొలీగు ఒకాయప్ప పైన నిలబడిన ఫొటో చూపిచ్చినాడు.

ఎర్రమట్టి
పాత ఫొటో అయ్యుంటుంది. 2019 అక్టోబర్ 26 నుంచి ఎక్కడం పూర్తిగా నిషేధం. 1985లో అదే తేదీన ఆ నేలని దాని అసలు హక్కుదారులైన అనంగు ప్రజలకి తిరిగి అప్పగించారు, అందుకే ఆ రోజు ఎంచుకున్నారు. వాళ్లకి అది పవిత్ర స్థలం. ఎక్కద్దని ఎన్నో ఏళ్లు బతిమాలుతూ వచ్చారు. చుట్టూ నడవండి, 10.6 కిలోమీటర్లు. కొన్నిచోట్ల ఫొటో తీయకూడదని బోర్డు ఉంటుంది, అక్కడ ఫోన్ జేబులో పెట్టండి.

ఉత్తరాంధ్రపిల్ల
మా అమ్మ ఆ కొండ చుట్టూ నడుస్తూ "ఇది గిరి ప్రదక్షిణే" అంది. సింహాచలం ప్రదక్షిణ 32 కిలోమీటర్లు ప్రతి ఆషాఢ పౌర్ణమికీ చేసిన మనిషి, ఆవిడకి ఇది లెక్కే కాదు. కాసేపు చెప్పులు చేత్తో పట్టుకుని నడిచింది. ఎవరూ చెప్పకుండానే ఆ బోర్డుల దగ్గర గొంతు తగ్గించింది. చివర్లో గుప్పెడు ఎర్రమట్టి కొంగున కట్టుకోబోతే మాత్రం నేనే ఆపాల్సొచ్చింది. రాయి గానీ మట్టి గానీ తేకూడదు. తెలియక తీసుకెళ్లినవాళ్లు ఎందరో తర్వాత మనసొప్పక, క్షమించమని ఉత్తరం రాసి రాళ్లని పోస్టులో వెనక్కి పంపిస్తుంటారట. అది చెప్పగానే అమ్మ కొంగు విప్పి ఎక్కడ తీసిందో అక్కడే పోసింది.

బ్రిస్బేన్‌బాబాయ్
తిండి గురించి ఎవరూ రాయలేదు. అందరూ కలిసి వండే టూర్లివి, కూరగాయలు తరగడం, గిన్నెలు తోమడం మన పనే. శాకాహారం అని ముందే రాయించినా, సాసేజీలు కాల్చిన పెనం మీదే వంకాయ ముక్కలు వేస్తారు, వాళ్లకి అందులో తప్పు తెలియదు. విడిగా చిన్న పెనం ఒకటి తీసుకెళ్లండి, అడిగితే కాదనరు. బొగ్గుల్లో ఇనప కుండ పెట్టి డాంపర్ అని రొట్టె కాలుస్తారు, అది మనం తినచ్చు. వేడి వేడిగా తుంచి కందిపొడి అద్దుకుంటే చాలా బావుంటుంది.

ఊరి నుంచి వచ్చేటప్పుడు అమ్మగారు పచ్చళ్లు, పొడులు తెస్తే విమానంలో ఇచ్చే కార్డు మీద తప్పకుండా రాయమనండి. దాచిపెడితే జరిమానా. చూపిస్తే చాలాసార్లు వదిలేస్తారు.

చుక్కలపిచ్చి
అందరూ చలి, మోకాళ్లు, పెనం గురించే మాట్లాడుతున్నారు. అసలు ఆరుబయట ఎందుకు పడుకోవాలో కూడా ఒకరు చెప్పాలి కదా.

జులైలో రాత్రి తొమ్మిదిన్నర దాటాక వెల్లకిలా పడుకుంటే, వృశ్చికం సరిగ్గా నడినెత్తిన ఉంటుంది. ఎర్రగా మెరిసే జ్యేష్ఠ మీ ముక్కుకి సూటిగా. మన ఊళ్లో అది దక్షిణాన వంగి కనిపిస్తుంది, అక్కడ నడిమింట్లో దీపంలా ఉంటుంది. దాని తోక మీదుగా పాలపుంత ఒక అంచు నుంచి ఇంకో అంచు దాకా పారుతుంది. పాలపుంత వెలుగుకి నేల మీద గిన్నెలు కనిపించాయి నాకు.

దక్షిణాన నాలుగు చుక్కల శిలువ, మనం త్రిశంకు అంటామే అది. వైశాఖంలో తెనాలి నుంచి చూసినా కనపడుతుంది, కానీ తాటిచెట్ల ఎత్తుకి మించి రాదు. అక్కడ బాగా పైకి ఎక్కి ఉంటుంది. మీ అమ్మగారికి విశ్వామిత్రుడి కథ తెలిసే ఉంటుంది, తలకిందులుగా వేలాడే రాజుని ఆవిడకి మీరే చూపించండి. ఆ పక్కనే చుక్కలే లేని నల్లటి మచ్చ ఒకటి ఉంటుంది. ఆదివాసీలు అది ఈమూ పక్షి తల అంటారు. పాలపుంతలోని నల్లటి చారలే దాని మెడ, ఒళ్లు. మనం వెలుగుని కలిపి బొమ్మ గీశాం, వాళ్లు చీకటిని చూసి గీశారు. ఒక్కసారి కనపడితే ఇక కళ్లలోంచి పోదు.

5 గంటలకి లేపుతారని సుబ్బు గారు బాధపడ్డారు గానీ, ఆ వేళకి ఆగ్నేయాన అగస్త్య నక్షత్రం పైకొచ్చి ఉంటుంది. అమావాస్య ఉన్న వారం చూసుకుని బుక్ చేయండి. పున్నమికి వెళ్తే ఇందులో సగం కనపడదు.

సిడ్నీసుబ్బు
మేం వెళ్లింది పున్నమికి. ఎవరూ చెప్పలేదు.

పాలమూరోడు
సుబ్బన్నా, ఇంకొకపారి పో. ఈసారి మంచి బ్యాగులు కొనుక్కొని.

ఎర్రమట్టి
ఒక భ్రమ కూడా తీసేస్తా. ప్రకటనల్లో స్వాగ్ పక్కనే ఉలూరు నిలబడి ఉన్నట్టు ఫొటోలు చూసి అలా ఉంటుందనుకోకండి. ఉలూరు ఉన్న నేషనల్ పార్కు లోపల రాత్రి ఉండనివ్వరు. క్యాంపులు బయట యులారా వైపు ఉంటాయి. అలాగే ఆలిస్ నుంచి వస్తుంటే దారిలో ఎడమ పక్కన పెద్ద బల్లపరుపు కొండ వస్తుంది, బస్సంతా లేచి ఫోన్లు తీస్తారు. అది మౌంట్ కానర్. ఉలూరు ఇంకా గంట పైన ఉంటుంది.

తెనాలోడు గారూ, మెల్‌బోర్న్ నుంచి నేరుగా ఉలూరు విమానాశ్రయానికి దిగి అక్కడే మొదలయ్యే టూర్ చూడండి. ఆ 450 కిలోమీటర్లు ఒక వైపైనా తప్పుతాయి.

తెనాలోడు
ఉత్తరాంధ్రపిల్ల గారి మాట చదివి రాత్రే అమ్మకి ఫోన్ చేశా. నిజంగానే నేను అడగలేదు, నాన్నతోనే మాట్లాడుతూ వచ్చా. మొత్తం చెప్పాను, చలి, నేల, సంచి, బాత్రూము. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "చిన్నప్పుడు డాబా మీద పడుకునేవాళ్లం. నా పెళ్లయ్యాక ఒక్కసారి కూడా ఆరుబయట పడుకోలేదురా" అంది. "లేవడానికి నువ్వు చెయ్యిస్తే చాలు" అంది.

బుక్ చేస్తున్నా. యులారాలో మొదలయ్యేది, అమావాస్య వారంలో. స్లీపింగ్ బ్యాగులు మాత్రం నేనే కొంటా.

డ్యూటీనర్స్
మడత మంచం ఒకటి అడగండి. స్వాగ్‌ని దాని మీద పరిస్తే మోకాళ్లకి నేల నుంచి లేచే బాధ తప్పుతుంది. చాలా కంపెనీలకి ఇది వింత కోరిక కాదు.

తెనాలోడు
వెళ్లొచ్చాం. నిన్న రాత్రే దిగాం, అందరికీ చెప్పాలని రాస్తున్నా.

మొదటి రాత్రి చలికి నేనూ మా ఆవిడా నానా తంటాలూ పడ్డాం. అమ్మ మడత మంచం మీద, టోపీ, రెండు శాలువలు, కాళ్ల దగ్గర స్టీలు సీసా (ఎర్రమట్టి గారికి దండం). పదింటికి నేను త్రిశంకుని చూపించబోతే ఆవిడే ముందు చూపించింది. ఈమూ నాకు కనపడలేదు. గైడు లేజర్‌తో గీసి చూపిస్తే అమ్మ "అదిగో మెడ, అదిగో పొట్ట" అని మా ఆవిడకి చెప్తోంది. మా ఆవిడ వద్దన్న మనిషి కదా, రెండో రాత్రి మంట ఆరిపోయాక కూడా లోపలికి దూరనంది.

నాన్న సంగతి. అర్ధరాత్రి గాలి లేచింది. క్యాంపు చుట్టూ డెజర్ట్ ఓక్ అనే చెట్లున్నాయి, సన్నగా దారాల్లాంటి ఆకులు వేలాడుతుంటాయి. నాన్న లేచి కూర్చుని ఉన్నారు. ఏమైందని భయపడ్డా. "సరుగుడు తోట చప్పుడురా ఇది. సూర్యలంకలో వినపడేదే" అన్నారు. పొద్దున గైడుని అడిగితే ఆ చెట్టు సరుగుడు కుటుంబమేనట. సముద్రం లేని చోట సముద్రపొడ్డు చప్పుడు విని ఆయన చాలాసేపు అలాగే కూర్చున్నారు.

అమ్మ కింగ్స్ క్యానియన్‌లో కింది దారే నడిచింది. ఉలూరు దగ్గర నీటి గుంట పక్కన బల్ల మీద అరగంట కూర్చుంది, లేవమంటే లేవలేదు.

ఒక్క నష్టం. నాన్న కొత్త తోలు చెప్పుల్లో ఎడమది లేదు.

ఎర్రమట్టి
చెప్పాను!

తెనాలోడు
చెప్పారు. ఆయన వినలేదు. ఇసుకలో అడుగులు స్వాగ్ చుట్టూ తిరిగి పొదల్లోకి పోయాయి. నాన్న ఆ జాడ పట్టుకుని కొంత దూరం వెళ్లొచ్చారు, దొరకలేదు. కుడిది మాత్రం ఇంటికి తెచ్చుకున్నారు, పారేయనివ్వడం లేదు.

సిడ్నీసుబ్బు
చదివి మా అత్తగారికి వినిపించాను. ఆవిడ ఒక్కటే అడిగింది, ఆ మడత మంచం వాళ్లిచ్చారా, మీరు పట్టుకెళ్లారా?

తెనాలోడు
వాళ్లే ఇచ్చారండి, ముందు రోజు ఫోన్ చేసి ఇంకోసారి గుర్తు చేశా. స్లీపింగ్ బ్యాగులు మా దగ్గరే ఉన్నాయి, రెండూ కొత్తవే. ఎప్పుడు వెళ్తారో చెప్పండి, సిడ్నీకి పంపిస్తా.